నడుము ముప్పై రెండు, లూజు పది

ఆ వీధిలో మగవాళ్ళ నడుములు పెరగవు. పాతికేళ్ళ నుంచీ పెరగలేదు. హెడ్మాస్టరుగారి నడుము ముప్పై మూడు దగ్గర ఆగిపోయింది. బేకరీ ఆయనది ముప్పై నాలుగు. మందుల షాపాయన ఒకసారి ముప్పై అయిదుకు వెళ్ళబోయి, ఏమనుకున్నాడో ఏమో, మళ్ళీ ముప్పై నాలుగుకే వచ్చేశాడు. వాళ్ళు కూర్చుంటే కుర్చీలు మూలుగుతాయి, వంగి బూటు లేసు కట్టుకోవాలంటే ఊపిరి బిగబట్టాలి, అది వేరే సంగతి. నడుములు మాత్రం పెరగలేదు. దీనికి కారణం అక్కడి గాలీ కాదు, నీళ్ళూ కాదు. వీధి మలుపులో కొట్టు పెట్టుకున్న టైలరు.

కొట్టు తెరిచిన కొత్తలో ఒకాయన ప్యాంటు గుడ్డ తెచ్చాడు. టైలరు టేపు చుట్టి, ఉన్నదున్నట్టు "ముప్పై ఆరు" అన్నాడు. ఆయన మొహం మాడిపోయింది. "నీ టేపు కురచైంది, మార్చుకో" అని గుడ్డ చంకలో పెట్టుకుని పక్క వీధి టైలరు దగ్గరికి పోయాడు. మర్నాడు ఇంకొకాయన వచ్చాడు. టేపు ముప్పై అయిదు చూపించింది. టైలరు నోరు తెరిచాడు, ఆగాడు, గుటకేశాడు. "నడుము ముప్పై మూడు, లూజు రెండు" అన్నాడు. పక్కన కూర్చుని గుండీలు కుడుతూ కొలతలు రాసే భార్య తలెత్తి ఓ చూపు చూసింది. రెండంకెలూ రాసుకుంది.

లూజు అనేది పూర్తిగా అబద్ధం కాదు. మనిషన్నాక కూర్చోవాలి, లేవాలి, ఊపిరి పీల్చాలి. ఆ మాత్రం గుడ్డ వదలని టైలరు ఎక్కడా ఉండడు. అది అరంగుళం, మహా అయితే అంగుళం. మనవాడు ఆ మర్యాదను కాస్త సాగదీశాడు, అంతే. కస్టమరు చెవికి మొదటి అంకె ఒక్కటే ఎక్కుతుంది. రెండోది టైలర్ల గొడవ అనుకుని వదిలేస్తాడు. కుట్టేటప్పుడు మొగుడూ పెళ్ళాం రెండూ కూడుకుని కుడతారు. ప్యాంటు చక్కగా పడుతుంది. బెల్టు పెట్టుకుంటే చిల్లులు గుట్టు బయటపెడతాయి కనక, బెల్టు అక్కర్లేకుండా లోపల ఎలాస్టిక్ వేసి కుట్టడం ఆ కొట్టు ప్రత్యేకత అయింది. కస్టమరు అద్దంలో చూసుకుని, "చూశావా, ఇప్పటికీ అదే నడుము!" అని పొంగిపోతాడు. పొంగినవాడు మళ్ళీ వస్తాడు. పక్క వీధి టైలరు నిజాలు చెప్పి చెప్పి, చివరికి కొట్టు మూసుకుని ఇంకో పని చూసుకున్నాడు.

తన సంగతి వచ్చేసరికి టైలరు ఇంకా ఘనుడు. తన నడుము తనే కొలుచుకుంటే అంకె కోసం వంగాలి, వంగితే పొట్ట ముందుకొస్తుంది. అందుకని ఏటా ఒకసారి భార్య టేపు పట్టేది, తను పుస్తకంలో రాసేవాడు. "నడుము ముప్పై ఒకటి, లూజు మూడు" అనేది ఆవిడ. కొన్నాళ్ళకి లూజు ఆరు. ఆ తర్వాత తొమ్మిది. కిందటేడు "నడుము ముప్పై ఒకటి, లూజు పద్నాలుగు" అంది, మొహంలో ఏ మార్పూ లేకుండా. టైలరు అదీ శ్రద్ధగా రాసుకున్నాడు. ఆ సాయంత్రమే హెడ్మాస్టరుగారితో మాటల మధ్య, "నాది పెళ్ళినాటి నడుమేనండీ" అని చెప్పాడు. ఈ ఉపాయం కనిపెట్టింది తనే, దాన్ని గుడ్డిగా నమ్మినవాళ్ళలో మొదటి శుంఠా తనే.

ఆ పద్నాలుగు అంగుళాలూ దొంగచాటుగా వచ్చినవి కావు. ఒక్కొక్కదాన్నీ అతనే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కొట్టు మొదట్లో మేడ మీద ఉండేది, పద్దెనిమిది మెట్లు. దారానికీ గుండీలకీ రోజుకి పదిసార్లు ఎక్కి దిగేవాడు. కింద గది ఖాళీ కాగానే దిగిపోయాడు. తర్వాత తొక్కుడు మిషనుకి మోటారు బిగించాడు, దాంతో కాళ్ళకి సెలవు దొరికింది. గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర నిలబడడం ఎందుకని ఎత్తు స్టూలు చేయించుకున్నాడు. మలుపులో టీ కొట్టు పడింది. టీ తాగితే పని సాగుతుంది, పని సాగితే ఇంకో టీ తాగే హక్కు వస్తుంది. అందులో మూడు చెంచాల చక్కెర, అంతకు తగ్గితే అది టీ కాదు కషాయం అని అతని అభిప్రాయం. మిషను సొరుగులో బాబిన్లు ఉండాల్సిన చోట బిస్కెట్ పొట్లం చేరింది. ఫోన్ వచ్చాక, పడుకునేముందు పది నిమిషాలని మొదలుపెట్టి రెండు గంటలు దాన్ని చూసి, తెల్లవారి కళ్ళు మండుతుంటే ఆ మంటకి ఇంకో టీ. ఏ ఒక్కటీ మనిషిని లావు చేసేంత నేరం కాదు. అన్నీ కలిసి ఏడాదికి అరంగుళం అడిగాయి, అతను కాదనలేదు.

ఇక అతని బావమరిది. భార్యకి తోడబుట్టినవాడు, ఒక్కగానొక్క తమ్ముడు. ఇంటా బయటా అందరూ స్తంభం అనే పిలుస్తారు. ఇరవై నాలుగో ఏట కరెంటు ఆఫీసులో లైన్‌మ్యాన్‌గా చేరి రోజుకి ఎనిమిది స్తంభాలెక్కేవాడు, మనిషి కూడా అలాగే ఉండేవాడు. ఉద్యోగంలో చేరిన రోజున బావ దగ్గర ప్యాంటు కుట్టించుకున్నాడు. అప్పుడు నడుము ముప్పై రెండంటే ముప్పై రెండే, లూజు అరంగుళం కూడా లేదు.

అయిదేళ్ళకి ప్రమోషన్ వచ్చింది. స్తంభం దిగి కంట్రోల్ రూములో కూర్చున్నాడు. చక్రాలున్న ఆఫీసు కుర్చీ, రెండు ఫోన్లు. బల్ల దగ్గర్నుంచి బీరువా దాకా కూడా కుర్చీతోనే దొర్లుకుంటూ వెళ్తాడని ఆఫీసులో చెప్పుకునేవారు. ఇంటికీ ఆఫీసుకీ మోటారు సైకిలు. వారం పగలు డ్యూటీ, వారం రాత్రి డ్యూటీ, నిద్రకి వేళా పాళా లేదు. మేలుకోవడానికి పక్కన ఎప్పుడూ ఒక తియ్యటి కూల్‌డ్రింకు సీసా. ఆ తర్వాతి పదిహేనేళ్ళూ బావ టేపు చుట్టేవాడు, అక్క రాసేది. లూజు రెండు, లూజు నాలుగు, లూజు ఏడు. తమ్ముడు అవతల పాకెట్లు ఎలా ఉండాలో చెబుతుంటే అక్క పెదవి బిగబట్టి నవ్వు ఆపుకునేది. నవ్వుకున్నారే తప్ప, ఇది మనవాడి ఒళ్ళు కదా అని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఒక శుక్రవారం పొద్దున్న స్తంభం కొట్టుకి వచ్చాడు. టైలరు భార్య బజారుకి వెళ్ళింది. బెంచీ మీద హెడ్మాస్టరుగారూ బేకరీ ఆయనా ట్రయల్ కోసం కూర్చుని ఉన్నారు.

"బావా, దీన్ని రెండంగుళాలు లోపలికి పట్టాలి" అని స్తంభం ఒక ప్యాంటు బల్ల మీద పెట్టాడు.

టైలరు దాన్ని తిప్పి చూశాడు. రెడీమేడ్. పరాయివాడి కుట్టు. అతనికి చుర్రుమంది. అయినా రెండంగుళాలు లోపలికి అనేసరికి కోపం మర్చిపోయాడు.

"తగ్గావన్నమాట! శభాష్ రా! ఏం చేశావేంటి?"

స్తంభం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బావ చెయ్యి పట్టుకుని, ట్రయల్ గది తెర వెనక్కి లాక్కెళ్ళాడు. ఆ గది ఒక మనిషి కోసం కట్టింది. అదీ పాతికేళ్ళ కిందటి మనిషి కోసం. ఇద్దరూ పొట్టలు ఆనించుకుని నిలబడ్డారు.

"అక్కకి చెప్పనని మాటివ్వు."

"ఏమైందిరా?"

"నాకేదో పెద్ద జబ్బు బావా. ఆర్నెల్ల కిందట ఆఫీసులో రెడీమేడ్ యూనిఫాం ఇస్తామని సైజు రాయమన్నారు. నేను ముప్పై రెండని రాశాను. అది తొడలు కూడా దాటలేదు. స్టోర్ గుమాస్తా టేపు తెచ్చి కొలిచాడు. నలభై రెండు! అంతకు నెల ముందే కదా నువ్వు కొలిచావు? ఒక్క నెలలో పదంగుళాలు పెరిగింది బావా."

టైలరు తెర సందులోంచి బెంచీ వైపు చూశాడు.

"డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఒక్క నెలలో పదంగుళాలు తిండి వల్ల రావు, లోపల ఇంకేదో ఉండి ఉండాలన్నాడు. నీరు పట్టిందేమో, గడ్డేమో అని రక్తం తీశారు, స్కాన్లు తీశారు. ఏమీ దొరకలేదు. కొవ్వూ, చక్కెరా, బీపీ తప్ప ఇంకేమీ కనపడట్లేదంటాడు. ఇంత తొందరగా ఎందుకొచ్చిందో ఆయనకీ అంతుపట్టట్లేదు. మీ ఆవిడనడుగుతా అంటే తీసుకెళ్ళాను. రోజూ చూసే మనిషే కదండీ, నాకేం తేడా తెలీలేదు అంది. ఆ బెంగతో నాకు తిండి సయించట్లేదు. ఇప్పుడు రెండంగుళాలు తగ్గింది. అది చూసి డాక్టరు మొహం ఇంకా చిన్నబోయింది. ఉన్నట్టుండి పెరగడం, ఉన్నట్టుండి తగ్గడం మంచిది కాదంట. సోమవారం ఉత్తరం రాసిస్తాడు, పెద్దాసుపత్రిలో చేరాలి. పొట్ట తెరిచి చూడాల్సి వస్తుందేమో అన్నాడు."

"అదేం లేదులేరా..."

"ఉంది బావా. నీ టేపు లేకపోతే ఇది బయటపడేదే కాదు. ఆ డాక్టరే అన్నాడు, ఏటేటా కొలతలు రాసిపెట్టే మనిషి ఇంట్లో ఉండడం మీ అదృష్టం అని."

చెప్పేయాలి. చెప్పాల్సింది ఒక్క ముక్క. లూజు అంటే నీ పొట్టేరా వెధవా, అది నెలలో రాలేదు, పదిహేనేళ్ళుగా వస్తోంది, మీ అక్కా నేనూ చూస్తూనే ఉన్నాం. అంతే. కానీ తెర పల్చటి గుడ్డ. అవతల బెంచీ మీద హెడ్మాస్టరుగారు, లూజు తొమ్మిది. ఆయన పక్కన బేకరీ ఆయన, లూజు పదకొండు. ఆ మాట వాళ్ళ చెవిన పడితే సాయంత్రానికి వీధి వీధంతా టేపులు పట్టుకుని కొట్టు మీదికి వస్తుంది. టైలరు నీళ్ళు నమిలాడు. బావమరిది ప్రాణానికీ తన కొట్టు పరువుకీ మధ్య నిలబడి, సిగ్గు లేకుండా "ఎల్లుండికి ఇస్తాలే ప్యాంటు" అన్నాడు.

ఆదివారం ప్యాంటు ఇచ్చే వంకతో స్తంభం ఇంటికి వెళ్ళాడు, ఈసారి చెప్పి తీరాలనే. ముందు గదిలో స్తంభం బల్ల మీద కాగితాలు పరిచి, ఏ కాగితం ఏ కవరులో ఉందో భార్యకి చెబుతున్నాడు. నీళ్ళ మోటారు ఎప్పుడు ఆపాలో, గ్యాసు ఎవరికి ఫోన్ చేసి తెప్పించాలో కూడా చెబుతున్నాడు. ఆవిడ తలూపుతోంది, వినడం లేదు. టైలరుని చూడగానే లేచి టీ పెట్టింది, బిస్కెట్లు పళ్ళెంలో పోసింది. "తినండన్నయ్యా, ఆయన ఎలాగూ ముట్టరు" అంది. టైలరు ఒక బిస్కెట్ తీసుకున్నాడు, గొంతు సర్దుకోవడానికి. తర్వాత ఇంకోటి, ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించడానికి. నిజం చెప్పడానికి వెళ్ళినవాడు ఆరు బిస్కెట్లు తిని, "ధైర్యంగా ఉండరా" అని చెప్పి వచ్చాడు.

ఇంటికొచ్చాక అన్నం దగ్గర కూర్చోలేదు. ఆ ఇంట్లో అంతకంటే అపశకునం లేదు. భార్య చేతిలో గరిటె అలాగే పట్టుకుని వచ్చింది.

"ఏమైంది మీకు? శుక్రవారం నుంచీ చూస్తున్నా. తిరగేసి కాజాలు కుడుతున్నారు."

మాటిచ్చానన్న సంగతి పక్కన పెట్టి చెప్పేశాడు. ఆవిడ మొదట నవ్వింది. ఒక నెలలో పదంగుళాలు అన్నచోట ఆపుకోలేక నవ్వింది. పొట్ట తెరిచి చూస్తారట అన్నచోట నవ్వు ఆగిపోయింది. గరిటె కింద పెట్టి కూలబడింది.

"శుక్రవారం తెలిసిందా మీకు? శుక్రవారం తెలిసి, ఆదివారం దాకా నోరు మూసుకుని కూర్చున్నారా?"

"కొట్లో హెడ్మాస్టరుగారు ఉన్నారే..."

"హెడ్మాస్టరుగారి నడుము కోసం నా తమ్ముడి పొట్ట కోయిస్తారా?"

ఆవిడ ఏడ్చింది, తిట్టింది, మధ్యలో "రాసింది నేనే కదా, ఈ చేత్తోనే రాశాను కదా" అని తన చేతిని తనే కొట్టుకుంది. తెల్లవారగానే కొట్టు తాళం తీసి, అట్టలు ఊడిపోయి తాడుతో కట్టిన కొలతల పుస్తకం తెచ్చి మొగుడి చేతుల్లో పెట్టింది. "నేనొస్తే వాణ్ణి చూసి మాట్లాడలేను. మీరే వెళ్ళండి. మీరు మొదలుపెట్టిందే" అంది.

డాక్టరు గది చిన్నది. స్తంభం తెల్లటి బల్ల మీద చొక్కా తీసి పడుకుని ఉన్నాడు. పెద్దాసుపత్రికి రాసిన ఉత్తరం మీద డాక్టరు సంతకం పెట్టబోతున్నాడు. టైలరు తలుపు తోసుకుని లోపలికొచ్చి, పుస్తకం ఉత్తరం మీదే పెట్టాడు.

"అయ్యా, ఇది ఒక్క నెలలో వచ్చింది కాదండీ."

"మీరెవరు?"

"టేపు నాదేనండీ" అన్నాడు టైలరు. దొంగతనం ఒప్పుకునేవాడు కూడా అంత చిన్న గొంతుతో ఒప్పుకోడు.

పేజీ తీశాడు. డాక్టరు వేలు పెట్టి పై నుంచి చదువుకుంటూ వచ్చాడు. నడుము ముప్పై రెండు, ముప్పై రెండు, ముప్పై రెండు. పక్క గడిలో లూజు. "ఈ లూజేంటి?" అని అడిగాడు. టైలరు చెప్పాడు. ఉపాయం ఎలా పుట్టిందో, ఎలా కుడతారో, ఎలాస్టిక్ ఎక్కడ వేస్తారో, అన్నీ చెప్పాడు. చెప్పే కొద్దీ ఆ పాతికేళ్ళ తెలివి అంతా ఆ గదిలో ఎంత చవకగా వినిపించిందో అతనికే తెలిసింది. డాక్టరు కలంతో నోరు కప్పుకుని, కాసేపు కిటికీ వైపు తిరిగి, భుజాలు కదలకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు.

తర్వాత ఉత్తరం చింపేశాడు.

"మీకు దాక్కున్న జబ్బేమీ లేదండీ" అన్నాడు స్తంభంతో. "ఇది పదిహేనేళ్ళు పట్టి వచ్చింది. ఏడాదికి ముప్పావు అంగుళం కూడా లేదు. తగ్గిందంటారా, ఆర్నెల్లుగా తిండి మానేస్తే ఎవరైనా తగ్గుతారు."

స్తంభం లేచి కూర్చున్నాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వెక్కిళ్ళు వినపడ్డాయి.

"అలా అని పండగ చేసుకోకండి" అని డాక్టరు అందుకున్నాడు. "రక్తంలో చక్కెర ఎక్కువుంది, అది నిజం. బీపీ ఉంది, అదీ నిజం. గడ్డ అయితే కోసి తీసేసేవాణ్ణి. కుర్చీనీ కూల్‌డ్రింకునీ నేను కోసి తీయలేను, అది మీరే చెయ్యాలి." టైలరు వైపు తిరిగాడు. "మీ పేజీ ఏదీ?"

"నాదెందుకండీ?"

"తియ్యండి."

టైలరు తీశాడు. డాక్టరు చివరి వరస చూశాడు, టైలరుని చూశాడు, మళ్ళీ వరస చూశాడు. ముప్పై ఒకటీ పద్నాలుగూ పైకే కూడాడు. "ఆయన దిగాక మీరు ఎక్కండి బల్ల" అన్నాడు.

బల్ల ఎక్కడానికి చిన్న మెట్టు ఉంది. టైలరు రెండు ప్రయత్నాలు చేయాల్సి వచ్చింది. బీపీ బావమరిది కన్నా తనకే ఎక్కువ ఉందని తేలింది. నలభై అయిదు అన్న అంకె పూర్తిగా, ఏ చీలికా లేకుండా, అతను జీవితంలో మొదటిసారి విన్నాడు. వేరే ఎవరి నడుమో అయితే బావుండుననిపించింది.

బల్ల దిగి బయటికి వచ్చేసరికి స్తంభం గేటు బయట బస్‌స్టాపులో ఉన్నాడు, ఆసుపత్రిలో చేరాలి కదా అని మోటారు సైకిలు ఇంట్లోనే వదిలి వచ్చాడు. టైలరుని చూసి మొహం తిప్పుకున్నాడు. "ఒరేయ్" అంటే పలకలేదు. బస్సు వచ్చింది. ఒక్కడే ఎక్కి కూర్చున్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఇంకో బస్సు కోసం నిలబడడానికి టైలరుకి మొహం చెల్లలేదు. పుస్తకం చంకలో ఇరికించుకుని నడక మొదలుపెట్టాడు. తర్వాతి స్టాపు కనుచూపు మేరలోనే ఉంది, అందుకే అంత ధైర్యం చేశాడు. సగం దూరానికి చొక్కా వీపుకి అంటుకుంది. పుస్తకం ఈ చంక లోంచి ఆ చంకలోకి మార్చాడు. ఒక ముసలావిడ కూరల సంచీతో అతన్ని దాటుకుని వెళ్ళిపోయింది. ఇంకాస్త ముందుకెళ్ళాక ఒక షట్టరు మూసిన కొట్టు మెట్ల మీద కూర్చుని, ఎవరైనా చూస్తే ఫోన్ చూసుకుంటున్నట్టు ఉండాలని ఫోన్ తీశాడు. తన మీద తనకి అంత జాలీ అంత అసహ్యమూ ఒకేసారి ఎప్పుడూ కలగలేదు.

స్టాపు చేరేసరికి బెంచీ మీద స్తంభం కూర్చుని ఉన్నాడు. దిగిపోయి ఇక్కడే ఆగాడన్నమాట.

"ఇంతసేపా? ఈ కాస్త దూరానికి?" అన్నాడు.

టైలరుకి మాట్లాడడానికి ఊపిరి లేదు. పక్కన కూలబడ్డాడు. బెంచీ కిర్రుమంది.

"తిట్టరా. తిట్టేయ్."

"తిట్టాలనే దిగాను" అన్నాడు స్తంభం. "ఆర్నెల్లు బావా. పిల్లలు నిద్రపోతుంటే తలుపు దగ్గర నిలబడి చూసేవాణ్ణి. వీళ్ళ పెళ్ళిళ్ళకి ఉండనేమో అనుకునేవాణ్ణి. నీకూ అక్కకీ నవ్వొచ్చిందేమో గానీ..."

"నవ్వలేదురా. ముందు నవ్వాం. తర్వాత నవ్వలేదు."

"ఒక్కటి చెప్పు. మొదటి ఏడాది ఒక్క అంగుళమే కదా పెరిగింది?"

"ఒక్కటే."

"అప్పుడు చెప్పుండాల్సింది. నాకు కోపం వచ్చేది. నీ కొట్టు గడప తొక్కకపోదును, ఏడాది పాటు నీతో మాట్లాడకపోదును. కానీ అంగుళమే కదా బావా. ఒక్క అంగుళం నేను తీసేసుకోగలిగేవాణ్ణి. నువ్వు దాచి దాచి పదీ ఒక్కసారి చేతిలో పెట్టావు. ఇప్పుడేం చెయ్యను?"

పాతికేళ్ళుగా ఎంతమందికి ఆ మొదటి అంగుళం దాచాడో లెక్క లేదు. హెడ్మాస్టరుగారికి దాచాడు, బేకరీ ఆయనకి దాచాడు. వాళ్ళు బాగుండాలని కాదు, మళ్ళీ రావాలని. ఇన్నాళ్ళూ దాన్ని మర్యాద అని పిలుచుకున్నాడు.

"నీకొక్కడికే కాదురా" అన్నాడు చివరికి. "నాకు నేనే చెప్పుకోలేదు. మీ అక్క టేపు పట్టుకుని పద్నాలుగని చెబితే, నేను రాసుకుని టీ తాగడానికి పోయాను."

స్తంభం అతని పొట్ట వైపు చూశాడు, తన పొట్ట వైపు చూసుకున్నాడు. ముక్కులోంచి ఓ శబ్దం వచ్చింది. ఏడుపో నవ్వో అతనికే తెలిసినట్టు లేదు. ఆర్నెల్ల తర్వాత అతని మొహంలోకి కాస్త రంగు వచ్చింది.

"ఇంటి దాకా నడుద్దాం బావా" అన్నాడు. "ఎంత, నాలుగు స్టాపులే కదా. ఇవాళ్టి నుంచే మొదలుపెడదాం. రోజూ ఇద్దరం. నువ్వు మానేస్తే నేను వచ్చి లాక్కెళ్తా, నేను మానేస్తే నువ్వు రావాలి."

"అలాగే. రోజూ" అన్నాడు టైలరు. ఆ క్షణంలో ఆ మాట మనసారా అన్నాడు.

ఇద్దరూ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోతుంటే బస్సు వచ్చి సరిగ్గా వాళ్ళ ముందే ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపల అన్నీ ఖాళీ సీట్లే, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. డ్రైవరు తల వంచి చూశాడు.

"ఎక్కుతారా, లేదా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లేదని చెప్పాలని ఇద్దరికీ తెలుసు. ముందు అవతలివాడు చెబుతాడేమోనని ఇద్దరూ చూస్తున్నారు.